వేలమునకు వచ్చిన యిల్లు: గడువు లెవ్వరికి?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలనిరి. నేడు కట్టిన యింటిని కొనుటయు నంతటి పరీక్షయే యైనది. నగరములలో ఇండ్ల ధరలు సామాన్య గృహస్థుని చేతి కందకుండ పోవుచున్నకొలది, అప్పు తీర్పలేనివారి యిండ్లను బ్యాంకులు వేలము వేయు ప్రకటనలవైపు మధ్యతరగతి కుటుంబముల దృష్టి మరలుచున్నది. చిన్న యక్షరములతో నిండిన యా ప్రకటనలలో కనీస ధర మాత్రము స్పష్టముగ గనబడును. ఆ ధర బజారు ధరకంటె తక్కువగ నుండుటయు గలదు. కాని ఆ యింటికి చెల్లింపవలసిన మొత్తము అదియే కాదనియు, పాట తనపేర నిలిచిన క్షణమునుండి తనమీద కఠినములైన నియమములు పనిచేయ నారంభించుననియు అనేకులు పాట ముగిసిన పిదపగాని గ్రహింపజాలకున్నారు. ఈ విషయమున పాఠకులకు కొన్ని సంగతులు విన్నవించుటయు, ప్రభుత్వమునకును బ్యాంకులకును న్యాయమైన కోర్కె నొకదాని నెఱిగించుటయు మా విధి యని తలంచుచున్నాము.

బ్యాంకులను నిందించుట మా యుద్దేశము కాదు. బ్యాంకు అప్పుగా నిచ్చునది ప్రజలు దాచుకొన్న సొమ్మునే. దానిని రాబట్టుటకు న్యాయస్థానములలో ఏండ్ల తరబడి వ్యాజ్యము సాగింపవలసిన దుస్థితిని తొలగించుటకే 2002వ సంవత్సరమున సర్ఫేసీ చట్టము వచ్చినది. ఆ చట్టము ననుసరించి బ్యాంకు బాకీదారునకు 60 దినముల నోటీసు నిచ్చి, అప్పటికిని సొమ్ము చెల్లనిచో, తాకట్టులోని యింటిని స్వాధీనపఱచుకొని కోర్టు డిక్రీతో నిమిత్తము లేకయే అమ్మవచ్చును. మా యాక్షేపణ వేలము వేయుటను గూర్చి కాదు. అమ్మినవారికిని కొన్నవానికిని నడుమ భారమును పంచిన తీరును గూర్చియే.

ఒక గృహస్థుని తలచికొందము. అతడొక ఫ్లాటును 60 లక్షల రూపాయలకు పాడినాడు. పాటలో పాల్గొనుటకే ముందుగ ధరావతు కట్టియుండెను. ఇది సాధారణముగ కనీస ధరలో పదవవంతు. 2002వ సంవత్సరపు నియమములలో 9వ నియమము ప్రకారము, పాట ముగిసిననాడే, లేదా తరువాతి పనిదినము లోపల, ఆ ధరావతుతో గూడ ధరలో నాలుగవవంతు, అనగా 15 లక్షలు, చెల్లింపవలెను. మిగిలిన 45 లక్షలు విక్రయము ఖాయమైన 15 దినములలో కట్టవలెను. బ్యాంకు వ్రాతమూలముగ సమ్మతించిననే ఈ గడువు పెరుగును. అదియు 3 నెలలకు మించరాదు. గడువు దప్పెనా, కట్టిన 15 లక్షలును బ్యాంకు పాలగును, ఇల్లు మరల వేలమునకు పోవును. గృహఋణముమీద ఆధారపడు మనుష్యుడు ఈ పదునైదు దినములలో దస్తావేజులు సంపాదించి, వకీలునకు చూపి, మఱియొక బ్యాంకుచేత అప్పు మంజూరు చేయించుకొనుట యెంత దుర్ఘటమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అరువది లక్షలతో పని ముగియదు. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి రెండు తెలుగు రాష్ట్రములలోను సాధారణ విక్రయమునకు నూటికి 7.5 వంతు లగుచున్నవి. ఆ లెక్కను మన గృహస్థునిమీద పడునది 4.5 లక్షలు. బ్యాంకు అధికారి యిచ్చు విక్రయ ధ్రువపత్రమును రిజిస్టరు చేయించుట విధి కాదనియు, దాని ప్రతిని రిజిస్ట్రారు తన పుస్తకమున చేర్చుకొనిన చాలుననియు సుప్రీంకోర్టు 2021లోను 2024లోను చెప్పినది. కాని అసలు పత్రమును రిజిస్ట్రేషనునకు దాఖలు చేసినచో స్టాంపు సుంకము తప్పదనియు ఆ న్యాయస్థానమే తేల్చినది. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని యున్నచో నూటికి ఒక వంతు ఆదాయపు పన్నుగ మినహాయించి ప్రభుత్వమునకు కట్టు బాధ్యతయు కొనువానిదే. ఇది ధరలోనిదే గాని అదనపు ఖర్చు కాదు. అయినను తెలియక దప్పినచో జరిమానా పడును.

ఇక పాతబాకీల సంగతి. వేలపు ప్రకటనలన్నిటిలోను ఒక మంత్రము గలదు: ఇల్లు "ఉన్నచోట ఉన్నట్లు, ఏది యెట్లున్న నట్లే" అమ్మబడునని. ఈ నాలుగు మాటల చాటున మునుపటి యజమాని విడిచిపోయిన యింటిపన్ను, నీటిపన్ను, అపార్టుమెంటు సంఘమునకు చెల్లని నిర్వహణ రుసుము అన్నియు దాగియుండవచ్చును. విద్యుత్తు బాకీని గూర్చి 2023 మే నెలలో సుప్రీంకోర్టు కేరళ విద్యుత్ బోర్డు వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, చట్టానుసారమైన నిబంధన యున్నచోట, మునుపటివాని బాకీ తీర్చిననే క్రొత్త యజమానికి కనెక్షను ఇత్తుమని సరఫరాదారు లనవచ్చునని నిర్ణయించినది. తాను వెలిగింపని దీపమునకు తాను చమురు పోయవలసిన స్థితి యిది.

వీటన్నిటికంటె పెద్ద చిక్కు స్వాధీనము. బ్యాంకు ప్రకటనలో "స్వాధీనము" అనిన పలుమారులు గోడకు నోటీసంటించిన నామమాత్రపు స్వాధీనమే. లోపల మునుపటి యజమానియో అద్దెదారుడో కాపురముండును. వారిని ఖాళీ చేయించుటకు బ్యాంకు 14వ విభాగము క్రింద జిల్లా మేజిస్ట్రేటు నాశ్రయింపవలెను. ఆ యధికారి 30 దినములలో, కారణములు వ్రాసినచో మొత్తము 60 దినములలో, ఉత్తరువు చేయవలెనని చట్టమున నున్నది. కాని యీ గడువు మార్గదర్శకము మాత్రమే యనియు, దాటినంతమాత్రమున అధికారము పోదనియు సుప్రీంకోర్టు 2020లో నిర్ణయించినది. బాకీదారుడు 45 దినములలోపల ఋణవసూలు ట్రిబ్యునలునకు దరఖాస్తు చేసికొను హక్కును గలదు. అది న్యాయమే, కాని ఆ విచారణ ముగియువరకు కొన్నవాడు సొమ్ము కట్టియు, వేఱుచోట అద్దె చెల్లించుచు, వేచియుండవలసి వచ్చును.

మఱి కొనువాని గడువో? 2024 ఫిబ్రవరి 2వ తేదీన సెంట్రల్ బ్యాంకు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ పాటదారుడు సుమారు 12 కోట్ల ఆస్తికి నాలుగవవంతు కట్టి, మిగిలినది గడువులో చెల్లింపలేకపోయెను. హైకోర్టు అతనివైపు మ్రొగ్గినను, బ్యాంకునకు కలిగిన నష్టమెంత యను లెక్కతో పని లేకయే 3 కోట్లకు పైబడిన ధరావతు మొత్తము జప్తు కావలసినదే యని పై న్యాయస్థానము నిర్ణయించినది. అధికారి గడువు దాటిన అది మార్గదర్శకము. కొనువాడు గడువు దాటిన సర్వస్వము పోవును. ఒకే చట్టము నీడలో రెండు గడియారములు నడచుచున్నవి.

ఇందులకు సమాధానము లేకపోలేదు. గడువు సడలించినచో బాకీదారుని బంటులే పెద్ద ధరకు పాడి, సొమ్ము కట్టక, వేలమును నిష్ఫలము చేయుదురని బ్యాంకుల వాదము. అది నిజమే, మేము కాదనము. నియమములు కొనువానిని కాపాడిన సందర్భమును గలదు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, వేలపు ప్రకటన వెలువడిన పిదప బాకీదారుడు అప్పు తీర్చి ఆస్తిని విడిపించుకొను హక్కు పోవునని చెప్పి, పూర్తి సొమ్ము కట్టిన పాటదారునకే ఆస్తిని దక్కించెను. అయినను మోసగాని నరికట్టు కత్తి సత్పురుషుని మెడమీద పడరాదుగదా. డబ్బు చేతబట్టుకొని బ్యాంకునకే చిక్కులు కల్పించువా డొకడు. బ్యాంకు చెప్పవలసినది చెప్పకపోవుటచే చిక్కుకొన్నవా డింకొకడు. ఇరువురికిని ఒకే శిక్ష యనుట న్యాయము కాదు.

కావున మా కోర్కెలు మూడు. మొదటిది: బ్యాంకు తనకు తెలిసిన భారములను ప్రకటింపవలెనని 8వ నియమమున నున్నది, "తెలిసిన" అనుమాట చాలదు. ఇంటిపన్ను, విద్యుత్తు, నీరు, అపార్టుమెంటు సంఘము, ఈ నాలుగింటి బాకీలను విచారించి తెలిసికొని, అంకెలతో ప్రకటించు బాధ్యత బ్యాంకుమీద నుంచవలెను. ప్రభుత్వ బ్యాంకుల వేలములకై కేంద్ర ప్రభుత్వము 2025లో నూతనముగ తీర్చిదిద్దిన బ్యాంక్‌నెట్ వేదికలో ఇందుకొక పట్టిక చేర్చుట కష్టము కాదు. రెండవది: ఇంట మనుష్యులున్నారా, స్వాధీనము నిజమైనదా, ట్రిబ్యునలులో వ్యాజ్యమున్నదా యనునవి పెద్ద యక్షరములలో ప్రకటింపవలెను. మూడవది: బ్యాంకు దాచిన సంగతి వలన గడువు దప్పినచో ధరావతు జప్తు చేయరాదని నియమములలోనే వ్రాయవలెను.

ఈ మార్పులు వచ్చువరకు పాఠకులు తమ్ము తామే కాపాడుకొనవలెను. పాటకు ముందే ఇన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయించుడు. పురపాలక కార్యాలయమునకును విద్యుత్ కార్యాలయమునకును పోయి బాకీ లడుగుడు. అపార్టుమెంటు సంఘమువారిని కలిసికొనుడు. తలుపు తట్టి లోపల నెవరున్నారో చూడుడు. మొత్తము సొమ్ము చేతిలో నున్ననే, లేదా ఋణము ముందుగ మంజూరైననే పాటకు దిగుడు. కనీస ధరను జూచి మురియక, దానిపై మరియొక పదవవంతైనను విడిగ నుంచుకొనుడు.

ఒక కుటుంబము యింటిని పోగొట్టుకొన్నచోట మఱియొక కుటుంబము నీడ వెదకుకొనుచున్నది. మొదటి యింటి దుఃఖమును చట్టము తప్పింపలేకపోయినది. రెండవ కుటుంబమును గూడ ఆ గడపయందే ముంచుట యే ధర్మమని మేము ప్రశ్నించుచున్నాము.