పరీక్ష ఎవరికి? మాఫీ ఎవరికి?

సంక్రాంతి పండక్కి ఊళ్లో దిగిన అమెరికా బాబు ఒకాయన సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చుని ఉపన్యాసం దంచాడు. "మావాడికి పోయిన నెల సిటిజెన్‌షిప్ వచ్చింది. ఆషామాషీ పరీక్ష కాదు. ఆ దేశం చరిత్రంతా, రాజ్యాంగమంతా నోటికి రావాలి. మన దగ్గరలాగా పుట్టినోడికల్లా ఓటు చేతిలో పెట్టరు. ఇక్కడ కూడా ఓటేసే ప్రతివాడికీ ఒక పరీక్ష పెడితే ఈ దేశానికి పట్టిన దరిద్రం వదిలిపోద్ది." చుట్టూ ఉన్న పెద్దమనుషులు తలలూపారు. గ్లాసులు కడుగుతున్న మన పేట కుర్రోడు తలూపలేదు. సాయంత్రం నా దగ్గరికొచ్చి అడిగాడు: "అన్నా, నిజంగా అంత కష్టమా ఆ పరీక్ష?"

కష్టం కాదు తమ్ముడూ. ఆ పరీక్ష గది గడపదాకా చేరడం కష్టం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే ఆ బాబు మాటలకు మనమే చప్పట్లు కొట్టే ప్రమాదముంది. ఎందుకంటే ఆయన గురి అమెరికా మీద లేదు. మన ఓటు మీద ఉంది.

పరీక్ష అంటే ఏమిటి?

అమెరికా ప్రభుత్వం పరాయి దేశస్తుడికి పౌరసత్వం ఇచ్చేముందు రెండు పరీక్షలు పెడుతుంది. ఒకటి ఇంగ్లీషు. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదవాలి, మూడింట్లో ఒకటి సరిగ్గా రాయాలి. అడిగినదానికి మాట్లాడగలగాలి. రెండోది సివిక్స్, అంటే ఆ దేశ చరిత్ర, ప్రభుత్వం గురించి. ఇది రాత పరీక్ష కాదు. ఆఫీసరు ఎదురుగా కూర్చుని నోటితో అడుగుతాడు, నోటితోనే చెప్పాలి. 2008లో తెచ్చిన పద్ధతిలో 100 ప్రశ్నల జాబితా ఉంది. అందులో 10 అడుగుతారు, 6 చెబితే పాసు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు దాన్ని బిగించారు. జాబితా 128 అయింది. 20 అడుగుతారు, 12 చెప్పాలి. 12 సరిగ్గా చెప్పగానే ఆపేస్తారు, 9 తప్పినా ఆపేస్తారు. ఫెయిలైతే 60 నుంచి 90 రోజుల్లోపు ఇంకోసారి పిలుస్తారు.

అసలు సంగతి ఇప్పుడు వినండి. ఈ ప్రశ్నలూ, వాటి జవాబులూ ప్రభుత్వమే అచ్చేసి ముందుగా ఇస్తుంది! ప్రశ్నాపత్రం ముందే చేతికిచ్చి పెట్టే పరీక్ష ఇది. అందుకే 2008 పద్ధతిలో పరీక్షకు కూర్చున్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా గట్టెక్కారు. అమెరికా బాబు గారి బ్రహ్మవిద్య ఇదీ.

పేటలో పెట్టి చూశాం

ఆ రాత్రి అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చుని పాత, కొత్త జాబితాల్లో కొన్ని ప్రశ్నలు తెలుగులో చదివాం. మిరపకోతకు పోయొచ్చిన అక్కలు, రాత్రిబడి పిల్లలు, ఇద్దరు ముగ్గురు ముసలోళ్లు ఉన్నారు.

"దేశంలో అన్నిటికన్నా పెద్ద చట్టం ఏది?" పిల్లలంతా ఒక్కసారే అరిచారు, రాజ్యాంగమని. సరైన జవాబే. "మొదటి సవరణ ఇచ్చిన హక్కుల్లో ఒకటి చెప్పండి." అమెరికా సవరణల ఊసు ఎవరికీ తెలియదు. అయినా ఒక అక్క, "మాట్టాడే హక్కు, మీటింగు పెట్టుకునే హక్కు, అర్జీ పెట్టుకునే హక్కు అయ్యుంటది" అంది. ఆ మూడూ జాబితాలో ఉన్న జవాబులే! ఆ అక్క ఏ పుస్తకం చదివి చెప్పింది? ఇళ్ల పట్టాల కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చుని నేర్చుకుంది.

"యూరపువాళ్లు రాకముందు అమెరికాలో ఎవరుండేవాళ్లు?" "ఆ నేలవాళ్లే ఉంటారుగా" అన్నాడు ఒక ముసలాయన. కరెక్టే. జాబితాలో లేని ముక్క ఒకటి నేను చేర్చాను. ఆ నేలవాళ్లందరికీ ఆ దేశం పౌరసత్వమిచ్చింది 1924లో! ఇంటాయనకి ఇంట్లో చోటివ్వడానికి అంతకాలం పట్టింది.

"చట్టబద్ధపాలన అంటే ఏమిటి?" చట్టానికి ఎవరూ అతీతులు కారని జవాబు. అది చదవగానే ఒక పెద్దమ్మ అడిగింది: "కాయితం మీదనా, ఊళ్లోనా?" ఈ ప్రశ్న ఆ 128లో లేదు.

ఫెడరలిస్టు పత్రాలు రాసినవాళ్లలో ఒకరి పేరు, రాజ్యాంగ సవరణలు ఎన్ని (27) లాంటివి ఎవరూ చెప్పలేదు. వారం రోజులు కూర్చుంటే అవీ వస్తాయి. బట్టీ కొట్టడానికి కులం అక్కర్లేదు, తీరిక కావాలి. కూలికిపోయే మనిషికి లేనిది అదే.

కష్టమంతా గడప బయటే

ఆ గదిదాకా పోవాలంటే ముందు గ్రీన్‌కార్డు రావాలి. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి నూటికి 7 అనే గిరి ఉంది. అందుకే మన దేశంవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగుతోంది. కార్డు వచ్చాక మామూలుగా అయిదేళ్లు ఆగాలి. తర్వాత దరఖాస్తు ఫీజు. 2024 ఏప్రిల్ నుంచి కాగితం మీద పెడితే 760 డాలర్లు, మన డబ్బుల్లో అరవై వేలు దాటింది. అక్కడ కేంద్రచట్టం చెప్పిన కనీస కూలి గంటకు 7.25 డాలర్లు. అంటే వందగంటల పైన చాకిరీ ఆ ఫీజుకే పోద్ది. తక్కువ రాబడి వాళ్లకు తగ్గింపు ఉంది, ఆ తగ్గింపుకు మళ్లీ కాగితాలు చూపాలి.

ఇంగ్లీషు సంగతి చూడండి. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లు కార్డు మీద ఉన్నవాళ్లు, 55 దాటి 15 ఏళ్లున్నవాళ్లు ఇంగ్లీషు పరీక్ష లేకుండా సొంత భాషలో జవాబు చెప్పొచ్చు. తెలుగులోనూ చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లున్నవాళ్లకు 20 ప్రశ్నల చిన్న జాబితా. మిగతావాళ్లకు మామూలుగా ఇంగ్లీషు తప్పదు. కాన్వెంటులో చదివి ఇంజనీరై పోయినవాడికి అది ఆట. హోటల్ వంటింట్లో గిన్నెలు తోమే మెక్సికో మనిషికి, యుద్ధం తరిమితే వచ్చి చేరిన ముసలమ్మకు అది కొండ. ఒకే ప్రశ్నాపత్రం, రెండు రకాల బరువు. "అందరికీ ఒకే పరీక్ష పెట్టాంగా, ఇంకేం కావాలి?" అని ప్రతిభావాదులు అడిగే మాట మనం మండల్ రోజుల నుంచీ వింటున్నాం. అమ్మ పుట్టిల్లు మేనమామకి చెప్పినట్టు ఉంటది మనకి చెప్పడం.

పుట్టుకే పాస్ మార్కు

అమెరికా బాబు దాచిపెట్టిన మాట ఒకటుంది. ఆ పరీక్ష బయటినుంచి వచ్చినవాడికే. అక్కడ పౌరుడికి పుట్టిన బిడ్డకు ఏ పరీక్షా లేదు. పద్దెనిమిదేళ్లు నిండితే ఓటు. మరి వాళ్లకు పెడితే? 2018లో ఉడ్రో విల్సన్ ఫౌండేషన్ అనే సంస్థ వెయ్యి మంది అమెరికన్లను ఇలాంటి ప్రశ్నలే అడిగింది. పాసయింది నూటికి 36 మంది. మరుసటి ఏడు రాష్ట్రాలవారీగా చూస్తే సగంకన్నా ఎక్కువమంది పాసయిన రాష్ట్రం ఒక్క వెర్మాంటే. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వలస వచ్చినవాడు చదువుకుని కూర్చుంటాడు, వీళ్లు చదవకుండా జవాబు చెప్పారు. సరే. కానీ చదవాల్సిన అవసరమే వాళ్లకు లేకుండా చేసిందేమిటి? పుట్టుక! పుట్టుకతో వచ్చినదాన్ని ఎవరూ పరీక్షించరు. పుట్టుకతో రానిదాన్ని రోజూ పరీక్షిస్తారు. ఈ ముక్క అర్థం కావడానికి మనం అమెరికా పోనక్కర్లేదు.

మొదట్లో పరీక్ష కూడా లేదు, ఒళ్లు చూసి ఇచ్చారు. 1790 చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవాళ్లలో స్వేచ్ఛగా ఉన్న తెల్లవాడికే పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతిని చేర్చారు. మనవాళ్లు ఎటూ కాకుండా మిగిలారు. అప్పుడు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేసినవాడు, కోర్టుకెక్కాడు. ఏమని వాదించాడో తెలుసా? తాను ఉన్నతకుల హిందువుననీ, ఆర్యుడిననీ, కనుక తెల్లవాడి కిందే లెక్కనీ! మీరు నల్లవాళ్లను ఎట్లా చూస్తారో మా ఉన్నతకులంవాళ్లు ఇక్కడి ఆదివాసులను పెళ్లి విషయంలో అట్లాగే చూస్తారని అతని తరఫున కోర్టుకు రాసిచ్చారు. ఇక్కడి అంటరానితనాన్ని అక్కడ పాస్‌పోర్టు చేసుకోబోయారు. 1923లో సుప్రీంకోర్టు కుదరదంది. సామాన్యుడి లెక్కలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. మనవాళ్లకు ఆ తలుపు తెరిచింది 1946 చట్టం. అదీ వలసకు ఏడాదికి వందమంది కోటాతో.

గొప్ప కులం కాగితం పట్టుకుని పోయినవాడికి అక్కడ రంగు అడ్డమొచ్చింది. నిచ్చెనమెట్ల మీద నిలబడి సమానత్వం అడిగితే జరిగేది ఇదే. పై మెట్టువాడు ఎప్పుడూ ఒకడుంటాడు.

ప్రశ్న అడిగేవాడి చేతిలో

పౌరసత్వం కాగితం మీద వచ్చినంత మాత్రాన పరీక్షలు అయిపోలేదు. 1868లో నల్లవాళ్లు పౌరులయ్యారు, 1870లో మగవాళ్లకు ఓటు హక్కు రాసుకున్నారు. మిసిసిపీ రాష్ట్రం 1890లో కొత్త షరతు తెచ్చింది. ఓటరుగా చేరాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఏదో ఒక సెక్షను చదవాలి, లేదా వినిపిస్తే అర్థం చెప్పాలి. ఏ సెక్షను ఇవ్వాలో, చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది తెల్ల అధికారి. ఇక చెప్పేదేముంది!

ఫానీ లూ హేమర్ మిసిసిపీ పత్తిచేలల్లో పనిచేసిన మనిషి. 1962 ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి బస్సెక్కి ఇండియనోలా పట్నం పోయింది, ఓటు రాయించుకోడానికి. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. తనకు ఓటు హక్కు ఉందన్న సంగతే ఆ ఏడు తెలిసింది. లాయర్లకు తప్ప మామూలు మనుషులకు నోరు తిరగని చట్టం మాటల మీద ఆమెకు సెక్షను ఇచ్చి అర్థం రాయమన్నారు. ఫెయిల్. తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి రంగు తప్పని జరిమానా వేశారు. అదే రోజు దొర పిలిచి, పేరు వెనక్కి తీసుకో, లేదా తోట ఖాళీ చెయ్యి అన్నాడు. 18 ఏళ్లు చాకిరీ చేసిన చోటు ఆ రాత్రే వదిలింది. 1963లో మళ్లీ పోయి పరీక్ష గట్టెక్కింది. అదే ఏడు జైల్లో పెట్టి ఒళ్లు హూనమయ్యేట్టు కొట్టారు. అయినా నోరు మూయలేదు.

1964లో మిసిసిపీ నల్లవాళ్లలో ఓటర్లు నూటికి ఏడుగురు కూడా లేరు. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చి ఆ పరీక్షలను ఆపింది. 1967కల్లా నూటికి దాదాపు 60 మంది ఓటర్లయ్యారు. రెండు మూడేళ్లలో వాళ్లందరూ పండితులయ్యారా? తలుపుకి అడ్డంపెట్టిన కర్ర తీశారు, అంతే.

ఇవాళ్టి పౌరసత్వ పరీక్ష ఆ మిసిసిపీ పరీక్షా ఒకటేనని నేననను. దీనికి ప్రశ్నలు బయటపెట్టారు, రెండో అవకాశముంది. తేడా అక్కడే పట్టుకోండి. ఏ పరీక్ష గురించి విన్నా మూడు అడగండి: ప్రశ్న ముందే అందరికీ తెలుసా? తప్పొప్పులు తేల్చేది ఎవడు? ఎవడికి మాఫీ?

ఓటుకి పరీక్ష అనేవాళ్లతో

మన దేశంలోనూ బ్రిటిష్‌వాడి కాలంలో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే ఓటు. 1928లో సైమన్ కమిషన్ ముందు బాబాసాహెబ్ వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు కావాలని నిలబడి అడిగాడు. 1951 జనాభా లెక్కల్లో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మందే. అయినా ఆ జనమంతా తొలి ఎన్నికల్లో పరీక్ష లేకుండా ఓటేశారు. అది భిక్ష కాదు, కొట్లాడి రాయించుకున్న హక్కు.

ఆ హక్కు చుట్టూ మళ్లీ కంచె లేస్తోంది. 2015లో హర్యానా ప్రభుత్వం పంచాయతీకి పోటీ చెయ్యాలంటే చదువు ఉండాలంది. మామూలు మగవాడికి పది, ఆడవాళ్లకూ దళిత మగవాళ్లకూ ఎనిమిది, వార్డు మెంబరుకు నిలబడే దళిత స్త్రీకి అయిదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బకాయి ఉండకూడదు. అదే ఏడు డిసెంబరులో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందని తీర్పిచ్చింది. మంచి చెడు తేల్చుకునే శక్తి చదువే ఇస్తుందంది. బడి ముఖం చూడనివ్వనివాళ్లు మంచోళ్లూ, చూడలేకపోయినవాళ్లు బుద్ధిలేనోళ్లూనా? ఇలాంటి షరతే పెట్టిన రాజస్థాన్ 2019లో దాన్ని ఎత్తేసింది. అంటే కంచె తీయించొచ్చు.

కాబట్టి అక్కలారా, అన్నలారా, రాజ్యాంగం చదువుదాం. రాత్రిబడిలో వారానికి ఒక ఆర్టికల్ పెట్టుకుందాం, పదిహేడుతో మొదలుపెట్టి. ఎవడికో జవాబు అప్పజెప్పి పౌరులమని ముద్ర వేయించుకోడానికి కాదు. ఎమ్మార్వోనూ, ఎస్సైనీ, సర్పంచినీ ప్రశ్న అడగడానికి. ఓటుకి పరీక్ష పెట్టాలనే బాబులు మళ్లీ టీకొట్టు దగ్గర కూర్చుంటే ఆ గ్లాసులు కడిగే కుర్రోడు ఇట్లా అనాలి: "పెట్టండి బాబూ, ముందు మీతో మొదలెడదాం. ప్రశ్నలు మేం రాస్తాం."

జై భీమ్!