మిక్చర్ పాకెట్ వెనకాల చిన్న అక్షరాలు

మొన్న ఆదివారం మా అమ్మాయి మిక్చర్ తింటూ పాకెట్ వెనక్కి తిప్పి చదివింది. "అమ్మా, కాటన్ సీడ్ ఆయిల్ అంటే పత్తి గింజల నూనేనా? అది కూడా తింటారా?" అంది. "తింటున్నావుగా" అని నవ్వేశాను గానీ, మనసులో అదే తిరుగుతూ ఉండిపోయింది.

మాది గుంటూరు వైపు. నా చిన్నప్పుడు పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి గేదెలకు పెట్టేవాళ్ళం, పాలు చిక్కగా ఇస్తాయని. 2002లో బీటీ పత్తి వచ్చింది. కాయ తొలిచే పురుగును తట్టుకోవడానికి మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును దానిలో పెట్టారు. ఇప్పుడు మన దేశంలో వేసే పత్తిలో నూటికి తొంభై పాళ్ళు పైగా అదే. దూది బట్టల మిల్లుకు వెళ్తే, గింజ నూనె మిల్లుకు వెళ్తుంది. ఆ నూనె రిఫైన్ అయి చిరుతిళ్ళలోకి, డాల్డాలోకి వస్తుంది. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె సంగతీ అంతే. అక్కడ పండే సోయా దాదాపు అంతా జన్యుమార్పిడిదే.

బీటీ వంకాయ అనగానే ఎంత గొడవైందో గుర్తుందా? హైదరాబాద్‌తో సహా ఊరూరా జనం మాట విన్నాక, 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని ఆపారు. వంకాయను గుమ్మంలోనే ఆపాం సరే, నూనె మాత్రం పెరటిదారిన వంటింట్లోకి వచ్చేసింది.

మా వారితో అంటే, "రిఫైన్ చేశాక నూనెలో ఆ జన్యువూ, ప్రొటీనూ దాదాపు మిగలవు. ఎందుకంత భయం?" అన్నారు. ఆ మాట నిజమే. అది విషమని నేనూ అనడం లేదు. కానీ పాకెట్ మీద పచ్చచుక్క, గోధుమరంగు త్రికోణం వేస్తున్నారు కదా, మాంసం విషమనా? తినేవాళ్ళు తింటారు, వద్దనుకునేవాళ్ళు మానేస్తారు. ఇదీ అంతే. పైగా నూనెలో దాదాపు ఏమీ మిగలదు కాబట్టి ల్యాబులో పరీక్ష చేసినా దొరకడం కష్టం. ఏ గింజ ఆడించారో తెలిసినవాళ్ళే చెప్పాలి.

జన్యుమార్పిడి ఆహారమైతే పాకెట్ ముందువైపు, పైన, 'జీఎం' అని ఉండాలని 2013 జనవరి నుంచి నిబంధన ఉంది. దిగుమతయ్యే జీఎం నూనెలకు లేబుల్ చట్టం పాటించాలని 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్నేళ్ళుగా నెలనెలా సరుకులు తెస్తున్నాను. ఆ రెండక్షరాలు నా కంటికి ఒక్కసారీ కనబడలేదు.

ఉప్పు ఎక్కువైతే ఇంట్లో నలుగురూ మనల్నే అడుగుతారు. మరి మనం ఎవర్ని అడగాలి? ఈసారి సరుకులు సర్దేటప్పుడు మీరూ ఒక్క పాకెట్ వెనక్కి తిప్పి చూడండి. అక్కడ ఏ నూనె పేరుందో నాకూ చెప్పండి.