జ్వరం ఉందా అన్నారు, గడ్డ ఉందా అనలేదు

కరోనా లెక్కల్లోకి ఎక్కని చావులు కొన్ని ఉన్నాయి. క్యాన్సర్ ఉండి, 2020లో వేళకి ఆసుపత్రి గుమ్మం తొక్కలేకపోయిన ఆడవాళ్ళవి. వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

మన పల్నాడులో మార్చి అంటే మిరప కల్లాల కాలం. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా "నొప్పి లేదుగా, కోతలయ్యాక చూపించుకుందాంలే" అనుకునే నెల. ఆ గడ్డ చాలామందికి మొదట్లో నొప్పే పెట్టదని మనకెవరు చెప్పారు? కోతలు అవుతుండగానే, మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మొదట 21 రోజులన్నారు. కీమో కూడా చాలామందికి 21 రోజులకొకసారే ఎక్కిస్తారు. అంటే ఒక విడత పోయినట్టే. తర్వాత పొడిగిస్తూనే పోయారు. మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు మళ్ళీ కదిలింది మే 21న. (మందు షాపులు మాత్రం మే 4నే తెరిచారు లెండి.) మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి రావాల్సిన మనిషికి ఆ రెండు నెలలూ దారేది? ఆరోగ్యశ్రీ కార్డు వైద్యం ఖర్చు భరిస్తుంది గానీ, బస్సు లేని రోజున కారు మాట్లాడి పెట్టదు కదా!

నాకు వరసకు వదిన, గురజాల వైపు పల్లెలో ఉండేది. గడ్డ సంగతి ఫిబ్రవరిలోనే తెలుసు. సడలించాక ఒక ఆసుపత్రికి వెళితే ముందు కరోనా పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఆ ఫలితం వచ్చేసరికి డాక్టరుగారికి కోవిడ్ డ్యూటీ. చివరికి ముక్క తీసి పరీక్షకు పంపింది దసరా వెళ్ళాక. అప్పటికే చంకలోకి పాకింది. "లోకమంతా ఇంత కష్టంలో ఉంటే నా గడ్డొక లెక్కా వదినా" అనేది. ఇప్పుడు లేదు.

ఆవిడొక్కదాని కర్మ అనుకోకండి. దేశంలోని 41 క్యాన్సర్ ఆసుపత్రుల లెక్కలు 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చాయి. 2020 మార్చి నుంచి మే వరకు, అంతకు ముందు ఏడాదితో పోలిస్తే, కొత్తగా పేరు రాయించుకున్న రోగులు 54 శాతం తగ్గారు. పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. జబ్బు తగ్గి కాదు కదా.

డాక్టర్లనీ నర్సులనీ నేనేమీ అనను, ప్రాణాలకు తెగించి చేశారు. నా కోపమంతా "అత్యవసరం" అనే మాట మీద. ఊపిరాడక పడిపోతే అత్యవసరం. గడ్డ పెట్టుకుని వంట చేస్తూ తిరిగే ఆడది ఆగొచ్చు! అసలే ఇంట్లో అందరి తర్వాత తినే అలవాటు మనది, వైద్యంలోనూ అదే వరస.

ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, వలంటీర్లు ఆ ఎండల్లో ఇల్లిల్లూ తిరిగి జ్వరముందా, దగ్గుందా, ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అని ఎన్నిసార్లు అడిగారో! వాళ్ళకు దండం పెట్టాలి. ఆ కాగితం మీదే ఇంకో మూడు ప్రశ్నలుంటే? రొమ్ములో గడ్డ ఉందా, ముట్లు ఆగిపోయాక రక్తం కనపడుతోందా, నోట్లో మానని పుండుందా. ఉందన్నవాళ్ళను వారానికొకసారి ఊళ్ళ మీదుగా ఒక బస్సులో ఎక్కించుకెళ్ళొచ్చు. ముక్క తీసి పంపే పనైనా నరసరావుపేటలోనే జరిగితే ఒక ప్రయాణం తప్పుతుంది. ఇంకో మహమ్మారి వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ ఏడు మిరప కోతల ముందే మొదలుపెట్టొచ్చు.