పాసవుటా, పాసా?
అమీర్‌పేటలో ఓ మెట్ల పక్కన గోడకు అంటించిన ఉద్యోగ ప్రకటనలో ‘2024, 2025 పాసవుట్స్ మాత్రమే’ అని ఉంది. ఇదే మాట డాలస్‌లో వాడి మా మేనల్లుడు నాలుక కరుచుకున్నాడు. 2016లో పాసవుటయ్యానంటే, ‘అయ్యో, ఆస్పత్రికి తీసుకెళ్లారా?’ అని అడిగారట ఆఫీసులో. అమెరికాలో దానికి స్పృహ తప్పడమనే అర్థం. దాంతో మనది తప్పుడు ఇంగ్లిషని మనవాళ్లే తీర్మానించేస్తారు. నేనొప్పుకోను. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడం పాసవుటే. మన శివరాంపల్లి పోలీస్ అకాడమీలో ఐపీఎస్‌లు చేసేదీ పాసింగ్ అవుట్ పరేడే, మూర్ఛపోయే పరేడ్ కాదు (ఎండకు ఒకరిద్దరు తూలితే చెప్పలేం). నాకు ముచ్చటేసేది ఆ మాటకు మనం చేసిన మరమ్మతు. క్రియను పట్టుకుని మనిషిని చేసేశాం: ‘మీరు ఏ ఇయర్ పాసవుటండీ?’ పైగా నాలుగు బ్యాక్‌లాగ్స్ మిగిలినవాడూ దర్జాగా ‘2023 పాసవుట్’ అనే చెప్పుకుంటాడు. అక్కడ పాస్ లేదు, అవుట్ ఒక్కటే ఉంది. గేటు దాటిన ఏడాదే లెక్క. వాళ్లమ్మ మాత్రం పక్కింటావిడతో ‘మావాడి చదువైపోయింది’ అంటుంది. ఆ ‘పోయింది’లో ఎంత పోయిందో ఆవిడకు తెలుసు.