ఎర్ర తాడు, బోర్డు బల్ల

ఇంగ్లండ్‌లో వృద్ధుల కోసం కట్టిన ఫ్లాట్లలో బాత్రూమ్ సీలింగ్ నుంచి ఎర్ర తాడొకటి వేలాడుతుంటుంది. జారిపడ్డవాళ్లు దాన్ని లాగితే కాల్ సెంటర్‌కు పిలుపు వెళ్తుంది. నేల మీద పడి ఉన్న మనిషి చేతికి అందాలి కాబట్టి అది దాదాపు నేలను తాకుతూ ఉండాలి. తుడిచేటప్పుడు అడ్డమొస్తోందని ఎవరో ఒకరు దాన్ని పైకి ముడేస్తుంటారు. ఇక అది ఉన్నా లేనట్టే. అలారాలన్నీ పనిచేస్తున్నాయని బోర్డుకు నివేదిక మాత్రం వెళ్తుంది. అందులో అబద్ధమేమీ లేదు, తాడు లాగితే గంట మోగుతుంది మరి!

ఈ ఫ్లాట్లను అద్దెకిచ్చేవి చాలావరకు హౌసింగ్ అసోసియేషన్లు, అంటే లాభాపేక్ష లేని సంస్థలు. ఆంకర్ 1968లో పుట్టింది. హౌసింగ్ 21 అంతకు ముందే, 1964లో, మాజీ సైనికుల సంఘం రాయల్ బ్రిటిష్ లెజియన్ నీడలో మొదలైంది. వీటి పైన బోర్డు ఉంటుంది. బోర్డుకు అజెండా, మినిట్స్, రిస్కుల పట్టిక సిద్ధం చేసి, నియంత్రణ సంస్థకు జవాబు చెప్పేది గవర్నెన్స్ విభాగం. చూడటానికి కాగితాల ఉద్యోగమే. కానీ పైకి ముడేసిన ఆ తాడు సంగతి బోర్డు బల్ల మీదికి రాకపోతే ఆ విభాగం ఉండి ప్రయోజనం లేదు.

మంచి మనసు ఉంటే చాలదా అంటే, రిచర్డ్ కార్-గామ్ కథ ఉంది. సైన్యంలో అధికారి ఉద్యోగం వదిలేసి, లండన్‌లోని బెర్మాండ్సీలో ముసలివాళ్ల ఇళ్లు ఊడ్చి, తుడిచిన మనిషి. ఒంటరివాళ్ల కోసం సొంత డబ్బుతో ఇల్లు కొన్నాడు. 1956లో అదే ఆబీఫీల్డ్ సొసైటీ అయింది. సంస్థ పెరిగాక కమిటీతో పొసగక స్థాపకుడే బయటికి వచ్చి, 1965లో మరో సొసైటీ పెట్టుకున్నాడు. ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో ముందే రాసుకోని సంస్థల్లో ఇలాంటివి తప్పవు.

మరి లెక్కలు తెలిసిన పెద్దలుంటే సరిపోతుందా? 2012లో కాస్మోపాలిటన్ అనే అసోసియేషన్ విద్యార్థి హాస్టళ్ల లీజుల భారంతో దివాలా అంచుకు చేరింది. మరుసటి ఏడాది శాంక్చువరీ సంస్థ దాన్ని తనలో కలుపుకొని గట్టెక్కించింది. ఆ లీజుల్లోని ప్రమాదం బోర్డుకు సరిగ్గా అర్థమే కాలేదని తర్వాతి సమీక్షలో తేలింది.

అద్దెకుండేవాళ్లను బోర్డులోకి తీసుకుంటే ‘వాళ్లకేం తెలుసు’ అనేవాళ్లకు జవాబుగా ఒక కేసు ఉంది. లండన్‌లోని బార్నెట్ కౌన్సిల్ వృద్ధుల ఫ్లాట్లలోనే కాపురముండే వార్డెన్లను తీసేసి, అవసరమైనప్పుడు వచ్చి వెళ్లే సిబ్బందిని పెట్టాలనుకుంది. కాగితం మీద అది పొదుపు. తలుపు తట్టి ‘ఎలా ఉన్నారు’ అని అడిగే మనిషి పోతే ఏమవుతుందో అక్కడుండేవాళ్లకు తెలుసు. వాళ్లు కోర్టుకెక్కారు. వికలాంగుల విషయంలో చట్టం చెప్పిన బాధ్యతను కౌన్సిల్ తగినంతగా పట్టించుకోలేదంటూ 2009లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఇప్పుడు అలారం పిలుపులు వెళ్లే పాత ల్యాండ్‌లైన్ల వంతు. 2027 జనవరి చివరికల్లా అవి మూతపడాలి. బ్రిటన్‌లో దాదాపు 18 లక్షల మంది అత్యవసర అలారాల మీద ఆధారపడి ఉన్నారు. లైన్లు మార్చాక కొందరి అలారాలు మూగబోవడంతో, అలారం పనిచేస్తుందని తేలేదాకా ఇలాంటివాళ్లను బలవంతంగా మార్చబోమని 2023 డిసెంబరులో టెలికాం కంపెనీల చేత ప్రభుత్వం హామీ రాయించుకుంది. కరెంటు పోతే కొత్త లైను ఎంతసేపు పనిచేస్తుందన్న ప్రశ్న ఆ ఫ్లాటులో ఒంటరిగా పడుకునే మనిషికే ముందు తడుతుంది.

72 మందిని బలిగొన్న 2017 నాటి లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదానికి ముందూ అక్కడివాళ్లు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ తర్వాత 2023లో తెచ్చిన సామాజిక గృహాల నియంత్రణ చట్టంతో పెద్ద సంస్థలకు తనిఖీలు, అదే ఏడాది అద్దెదారుల సంతృప్తి సర్వేలు వచ్చాయి. మంచిదే. కానీ వేరే చోటికి వెళ్లే దారి లేని ఎనభై అయిదేళ్ల మనిషి సర్వే కాగితంలో ‘అంతా బాగుంది’ అనే రాస్తారు. సర్వే ఉంది కదా అని బోర్డులో వాళ్ల కుర్చీ ఎగ్గొట్టడానికి లేదు.

హైదరాబాద్ చుట్టూ కూడా ఇప్పుడు సీనియర్ లివింగ్ ఫ్లాట్లు లేస్తున్నాయి. రిటైర్మెంట్ హోమ్‌లకు కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలిచ్చింది. నమూనా కాబట్టి అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. కొనేవాళ్లు ఆసుపత్రి ఎంత దూరం, భోజనం ఎలా ఉంది అని అడుగుతారు. మెయింటెనెన్స్ ఎవరు పెంచుతారు, అసోసియేషన్‌లో ఓటెవరిది అని అడిగేవాళ్లు అరుదు. డాలస్‌లో ఉన్న కొడుకు తన పేరున ఫ్లాటు కొని, అందులో అమ్మానాన్నలను ఉంచితే ఓటు కొడుకుదే. రాత్రి కాపలా తీసేయాలన్న తీర్మానం వాట్సాప్ గ్రూపులో వస్తే, అక్కడ నిద్రపోయేవాళ్లకు అందులో మాటే లేదు. యజమాని కాకపోయినా అక్కడ నివసించే పెద్దలకు కమిటీలో కనీసం రెండు స్థానాలు, భద్రతకు కోత పెట్టే తీర్మానాల మీద ఓటు ఉండాలని బైలాలోనే రాయించాలి. అదీ అడ్వాన్సు కట్టకముందే. రిజిస్ట్రేషన్ అయ్యాక బిల్డరు ఫోనే ఎత్తడు.