తప్పు కంప్యూటర్‌లో, తిప్పలు యజమానికి

పదకొండేళ్లుగా జేబులో తిరిగిన ఆర్సీలో చాసిస్ నంబరు తప్పని మా పక్కింటాయనకు స్కూటర్ అమ్మకానికి పెట్టాకే తెలిసింది. ఫ్రేమ్ మీద మట్టి తుడిచి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే చివర్లో 8 తేలింది. కార్డులో చూస్తే అక్కడ 'బి' ఉంది. కొనడానికొచ్చిన కుర్రాడు అడ్వాన్స్ వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. దొంగబండేమోనని భయం.

చట్టానికీ అదే భయం. నంబర్లు అరగదీసి కొత్తవి చెక్కే ముఠాలున్న చోట అది ఉండాల్సిందే. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, బండి మీది ఇంజిన్, చాసిస్ నంబర్లకూ ఆర్సీకీ పొంతన లేకపోతే యజమాని వాదన విని రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. 2019 సవరణతో చేరిన 192బి ఇంకా కఠినం. అలాంటి తేడాతో ఆర్సీ పొందితే యజమానికైనా, డీలర్‌కైనా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. దొంగ దిద్దిన అంకెనూ, గుమస్తా వేలు జారిన అంకెనూ ఆ వాక్యం విడదీసి చూడదు. చిరునామా మార్పుకు 49, యాజమాన్య బదిలీకి 50 అంటూ సెక్షన్లున్నాయి. 'రాసింది మేమే, తప్పు మాదే' అని రవాణా శాఖ ఆఫీసు ఒప్పుకోవడానికి మాత్రం అంత సూటి దారి కనపడదు.

నిజానికి ఈ తతంగంలో యజమాని తన చేత్తో టైపు చేసేది ఏమీ లేదు. ఆ స్కూటర్ కొన్న రోజుల్లో ఇన్‌స్పెక్టర్ బండిని చూసి సంతకం పెట్టేవారు. అయినా 8 కాస్తా 'బి' అయింది. 2019 సవరణ తర్వాత కొత్త బండికి దరఖాస్తు డీలరే పెడతాడు, బండిని ఆఫీసుకు తీసుకెళ్లే పనీ లేదు. ఎండలో క్యూ తప్పింది, సంతోషమే. ఇనుము మీది నంబరును కాగితంతో పోల్చే బయటి కన్ను కూడా దాంతోపాటే పోయింది.

చాసిస్ నంబరులో ఉండేవి 17 అక్షరాలూ అంకెలూ. 1తో, 0తో కలిసిపోతాయని ఐ, ఓ, క్యూలను అంతర్జాతీయ ప్రమాణమే పక్కన పెట్టింది. కాబట్టి ఈ కాలపు బండి ఆర్సీలో 'ఓ' కనిపిస్తే అది తప్పేననడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు, సాఫ్ట్‌వేరే దాన్ని గుమ్మంలో ఆపాలి. 8-బి, 5-ఎస్ జంటలకు కంటిచూపే గతి.

నంబర్ల సంగతి అలా ఉంటే, పేర్లది మన తెలుగువాళ్ల ప్రత్యేక బాధ. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆర్సీలో పొడి అక్షరమే. ఇక లక్ష్మికి ఇంగ్లిష్‌లో ఎన్ని స్పెల్లింగులో! వీధిలో ఒకే మనిషి, కంప్యూటర్‌కు ఇద్దరు.

చాసిస్ నంబరు సరిదిద్దుకోవడానికి మా పక్కింటాయనను డీలర్ ఇచ్చిన అమ్మకపు ధ్రువపత్రం, అంటే ఫారం 21 తెమ్మన్నారు. షోరూం ఎప్పుడో మూతపడింది. అసలు రిజిస్ట్రేషన్ దరఖాస్తుతో జతచేసేదే ఆ కాగితం. ఆఫీసు ఫైల్లో ఉండాల్సినదాన్ని వెతికి తీయాల్సింది ఆఫీసే. ఫారం 21, పెన్సిల్ ముద్ర రెండూ కలిస్తే నోటరీ, ఏజెంటు, ఫీజు ఏవీ లేకుండా అక్కడికక్కడే దిద్ది పంపడం న్యాయం.

ఆ రోజు వచ్చేదాకా, ప్రమాదమో దొంగతనమో జరిగి బీమా సర్వేయర్ మీ ఇంటికి రాకముందే ఒక పెన్సిల్, ఒక కాగితం తీసుకుని మీ బండి దగ్గరికి వెళ్లండి. ఫారం 21ను ఆర్సీతో పాటే దాచుకోండి.