జర్రా చదువుకి హమ్‌సాయాలు ఎక్కువ



"పార్టికల్ ఫిజిక్సా? దాంతో ఏం ఫాయిదా బేటీ? బీటెక్‌లో చేరు, నౌకరీ దొరుకుతుంది." ఇంటర్ అయ్యాక ఫిజిక్స్ చదువుతానన్న ఆడపిల్లకి మన ఇళ్లలో సాధారణంగా వచ్చే జవాబు ఇది. అబ్బాజాన్ ఫికర్ నాకు అర్థమవుతుంది. ఫీజులు కట్టాలి, ఇల్లు గడవాలి. కానీ ఈ జవాబు వెనక ఒక గలత్‌ఫహమీ ఉంది: ఈ ఇల్మ్ దేనితోనూ రిష్తా లేకుండా గాల్లో వేలాడుతోందని.

ముందు దాని సరహద్దు చూద్దాం. ఇక విడగొట్టలేని జర్రాలు ఏవి, వాటి మధ్య ఏ బలాలు పనిచేస్తాయి? పార్టికల్ ఫిజిక్స్ సవాల్ ఇంతే. క్వార్కులు కలిసి ప్రోటాన్, న్యూట్రాన్ అవుతాయి. ఆ రెండూ కలిసి కేంద్రకం కట్టుకుంటే అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ మొదలు. చుట్టూ ఎలక్ట్రాన్లు చేరి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడితే అది కెమిస్ట్రీ ఇలాఖా. ఒకరి గోడ దగ్గర ఇంకొకరి ఇల్లు.

హమ్‌సాయాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉంటుంది. పాజిట్రాన్ ఉండాలని డిరాక్ సమీకరణం చెప్పింది. 1932లో ఆండర్సన్ దాన్ని కాస్మిక్ కిరణాల్లో చూశాడు. అప్పుడు ఎవరికీ ఫాయిదా కనిపించలేదు. ఈరోజు క్యాన్సర్ మరీజ్‌కి తీసే పెట్ స్కాన్ పనిచేసేది ఆ పాజిట్రాన్ మీదే. ఆకాశం నుంచి రాలే మ్యూయాన్లతో మిస్ర్‌లోని ఖుఫూ పిరమిడ్ లోపల కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ ఉందని 2017లో తేల్చారు, ఒక్క రాయి కదపకుండా. మన చిత్తూరు పొలిమేరకి దగ్గర్లోని కోలార్ బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకి పైగా లోతున, 1965లోనే కాస్మిక్ కిరణాల నుంచి పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు.

ఇంకో మాట. 2012లో హిగ్స్ కణం దొరికినప్పుడు అఖ్బార్లు దాన్ని "దైవ కణం" అన్నాయి. దాంతో కొందరు భయపడ్డారు, కొందరు "ఇది మన కితాబులో ముందే ఉంది" అన్నారు. నా రాయ్‌లో రెండూ గలతే. ఆ పేరు ఒక పుస్తకం టైటిల్ నుంచి వచ్చింది. మూల కణాలకి ద్రవ్యరాశి ఎలా వచ్చిందన్నదే అక్కడి సవాల్. ఖుదా ఉనికి గురించి ఏ కొలిమానికీ అక్కడ పని లేదు. ఏ ఇల్మ్‌ని దాని హద్దులో ఉంచడమే దానికిచ్చే ఇజ్జత్.

ఫిజిక్స్ చదివిన ప్రతివాళ్లూ సైంటిస్టులు కారు. పరిశోధన సీట్లు తక్కువే. కానీ ఆ చదువులో వచ్చే లెక్క, కోడింగ్, డేటాని జల్లెడ పట్టే హునర్ వృథా పోవు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ మోతాదు లెక్కగట్టేది కూడా ఫిజిక్స్ చదివినవాళ్లే.

కాబట్టి అమ్మీ అబ్బాలకి నా గుజారిష్: బిడ్డ జర్రాల గురించి అడిగితే "ఏం ఫాయిదా" అనే ముందు, "ఏం తెలుసుకున్నావు, చెప్పు" అనండి. వినడానికి ఖర్చేమీ లేదు.